కొండ పిల్లలకు వైద్యం చేసే స్పెషలిస్టులు కొండల నుంచే రావాలా?

గుణుపురం టీచరమ్మ (చర్చ మొదలుపెట్టినవారు)

నిన్న జిల్లా ఆసుపత్రుల మీద నడిచిన చర్చలో పర్లాకిమిడి రావు గారు ఒక మాట రాశారు. "పిల్లవాడి గుండెకు ఆపరేషన్ చేసేవాడి చేతి నేర్పు చూడాలి గాని వాడిది ఏ ఊరు, ఏ తెగ, ఏ భాష అని చూడకూడదు" అన్నారు. చాలామంది ఔనన్నారు. నేను అనలేకపోయాను. అక్కడ విషయం వేరు కాబట్టి ఇక్కడ విడిగా రాస్తున్నాను.

ఒడిశాలోని రాయగడ, గజపతి, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం సగానికి పైగా ఆదివాసులే. సవరలు, కోదులు, పరజలు, కోయలు, బోండాలు. ఈ పిల్లల్లో ఎవరికైనా గుండెలో రంధ్రమో, రక్త కేన్సరో, ఆగని మూర్ఛో వస్తే పంపేది బరంపురానికో, కటక్ శిశు భవన్‌కో, భువనేశ్వర్ ఎయిమ్స్‌కో, కొండ దిగి విశాఖకో. అక్కడ చూసే సూపర్ స్పెషలిస్టుల్లో ఒక సవర డాక్టరు గాని, ఒక కోదు డాక్టరు గాని నాకు ఇన్నేళ్ళలో కనబడలేదు. మీకెవరికైనా కనబడితే చెప్పండి, సంతోషిస్తాను.

ఇది ఊరికే జరిగింది కాదు. ఎంబీబీఎస్‌లో ఎస్టీ సీట్లున్నాయి, ఎండీలోనూ ఉన్నాయి. ఆ పైన సూపర్ స్పెషలిస్టు కావడానికి చదివే డీఎం, ఎంసీహెచ్ దగ్గరికి వచ్చేసరికి లేవు. ఆ స్థాయిలో రిజర్వేషన్ కుదరదని 1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మొన్న 2025 జనవరి 29న పీజీ వైద్య సీట్లలో స్థానిక నివాసం పేరుతో కోటా ఇవ్వడం కూడా చెల్లదంది. పిల్లల గుండె, పిల్లల కిడ్నీ, పిల్లల కేన్సరు వైద్యులంతా ఆ చివరి మెట్టు ఎక్కినవాళ్ళే కదా. మా బడిలో చదివిన సవర పిల్ల అక్కడిదాకా చేరాలంటే, చిన్నప్పటినుంచీ కోచింగుల్లో పెరిగిన పిల్లలతో ఏ ఆసరా లేకుండా పోటీపడాలి.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలో చదువు చెప్పించి నూరేళ్ళు దాటింది. బడికి కావలసివచ్చిన భాష ఆసుపత్రికి అక్కర్లేదా? కొండ పిల్లల స్పెషలిస్టుల్లో కొంతమందైనా కొండల నుంచి రావాలి. అందుకు దారి ప్రభుత్వమే వేయాలి. ఇదీ నా వాదన.

పర్లాకిమిడి రావు

అమ్మా, నా మాట సగమే తీసుకున్నారు. మిగతా సగం కూడా చెప్పనివ్వండి.

ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో 1980లు, 90లలో పసిపిల్లలకు గుండె ఆపరేషన్లు చేశారు. పేరున్న ఆసుపత్రే, చదువుకున్న డాక్టర్లే. కానీ చేసే కేసులు తక్కువ, పోయే పిల్లలు ఎక్కువ. 2001లో వచ్చిన విచారణ నివేదిక చూస్తే, 1991 నుంచి 1995 మధ్య మామూలుగా పోవలసిన వాళ్ళకంటే 30 నుంచి 35 మంది ఏడాది నిండని పిల్లలు అదనంగా పోయారు. అప్పటి నుంచి ఆ దేశంలో ఇలాంటి ఆపరేషన్లు కొద్ది చోట్లే, ఎక్కువ సంఖ్యలో జరగాలన్న వాదన బలపడింది. చేయగా చేయగానే చేయి తిరుగుతుంది. అది కులాన్ని బట్టీ రాదు, భాషను బట్టీ రాదు.

నేను సవరలకు వ్యతిరేకిని కాను. మా ఇల్లు, మా పొలం వాళ్ళ మధ్యనే. కానీ నా మనవరాలికి గుండె జబ్బు వస్తే నేను అడిగేది, "ఏడాదికి ఎన్ని చేస్తారు, ఎంతమంది బతుకుతారు" అని. సవర తల్లికి కూడా అదే అడిగే హక్కు ఉండాలి. కోటా డాక్టరు ఆమెకు, పోటీలో నెగ్గిన డాక్టరు నాకు అని పంచుకుంటే అది సమానత్వం కాదు.

రాయగడ శీను

రావు మాస్టారు, టీచరమ్మ, ఇద్దరికీ నమస్తే. నాకు కోర్టు తీర్పులు తెలీవు. జరిగింది చెప్తాను.

మా గుంటడికి పుట్టినప్పుడే గుండెలో బెజ్జం ఉందన్నారు. విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. దేవుడి దయవల్ల బాగున్నాడు, బడికెళ్తన్నాడు. చేసిన డాక్టరు మంచోడు, ఆయనకి దండం పెడతాను. ఆయనది ఏ కులమో ఇప్పటికీ నాకు తెలీదు. కాబట్టి రావు మాస్టారి మాట నిజమే.

కానీ మా పక్క మంచంలో కల్యాణసింగపురం వైపు నుంచి ఒక కోదు అమ్మాయి కొడుకుతో ఉండేది. మొగుడు మూడోరోజే వెళ్ళిపోయాడు, కూలి పోతాదని. ఆయమ్మకి తెలుగు రాదు. ఒడియా కూడా సంతలో మాట్లాడేంతే. ఇంటికి పంపేముందు సిస్టరు వచ్చి గడగడా చెప్పేసింది. నీరు తీసే సిరప్ పొద్దున్న ఇంత, సాయంత్రం ఇంత, సిరంజిలో ఈ గీత దాకా, నెలకి మళ్ళీ రావాల, జొరమొస్తే ఆగకుండా రావాల అని. ఆయమ్మ తలూపింది. నాకు కోదుల భాష కువి నాలుగు ముక్కలొచ్చు, సంతలో యాపారం వల్ల. అడిగితే తెలిసింది, ఆ సీసా మొత్తం ఒకేసారి తాగించాల అనుకుంది. సిరంజి మీద నా చేత్తో గీత గీసి చూపించాను.

ఆపరేషన్ బల్ల మీద ఆ పిల్లడికి, మా పిల్లడికి తేడా లేదు. బల్ల దిగాకే తేడా వచ్చింది. నేను లేకపోతే ఏటయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తాను. ఇంత పెద్ద ఆసుపత్రిలో, రోజూ మన జిల్లాల నుంచి జనం వచ్చే చోట, కువి వచ్చినోళ్ళు ఒక్కరు లేరు. జీతమిచ్చి ఒక మనిషిని పెట్టలేరా?

బరంపురం పిల్లల డాక్టరు

శీను గారి పోస్టు ఇద్దరి వాదనకంటే ముందుకు పోయింది. నేను పిల్లల వైద్యురాలిని, బరంపురంలో తెలుగు ఇంట్లో పుట్టాను. ఒకటి రెండు వాస్తవాలు ముందు పెడతాను, ఎందుకంటే ఈ చర్చ వేరే దేశాల్లో ఎప్పటినుంచో నడుస్తోంది. అక్కడి సంగతులు సగం సగంగా మన వాట్సాప్‌లలో తిరుగుతున్నాయి.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో 1992 నుంచి 2015 దాకా పుట్టిన సుమారు 18 లక్షల పిల్లల లెక్కలు తీసి 2020లో ఒక సైన్సు పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. నల్లజాతి పసికందులను నల్లజాతి డాక్టరే చూసినచోట, తెల్లజాతి పసికందులతో పోలిస్తే వాళ్ళ మరణాల్లో ఉన్న తేడా దాదాపు సగానికి తగ్గిందని అందులో ఉంది. టీచరమ్మ గారి వాదనకు ఇంతకంటే బలం ఏం కావాలి అనిపిస్తుంది. కానీ 2024లో అదే పత్రికలో వేరే పరిశోధకులు అవే లెక్కలను మళ్ళీ చూశారు. కిలోన్నరకంటే తక్కువ బరువుతో పుట్టిన పిల్లలను లెక్కలోకి తీసుకోగానే ఆ ప్రభావం దాదాపు పోయింది. అతి బలహీనమైన పిల్లలు తెల్లజాతి డాక్టర్ల చేతికి ఎక్కువగా రావడం వల్ల మొదటి లెక్క అలా కనబడిందని వాళ్ళ వివరణ. కాబట్టి "మన తెగ డాక్టరు చూస్తే పిల్లలు బతుకుతారు" అన్న మాటను ఆ అధ్యయనం మీద నిలబెట్టకండి. ఎవరో ఒకరు లాగేస్తారు, మొత్తం వాదనే పడిపోతుంది.

నిలబడేది వేరొకటి ఉంది. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ మీ అందరికీ కోవిడ్ రోజుల్లో తెలిసిందే. 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక సంగతి బయటపెట్టారు. ఆ పరికరం 92 నుంచి 96 చూపిస్తున్నప్పుడు, రక్తం తీసి చూస్తే 88 కంటే తక్కువ ఉన్నవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లవాళ్ళలో 11.7 శాతం. అది పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనం. అయినా ముదురు రంగు చర్మం గల పిల్లలను చూసే మాలాంటి వాళ్ళకు అది హెచ్చరికే. న్యుమోనియాతో వచ్చిన బిడ్డకు మీటరు 93 చూపిస్తోంది కదా అని ఇంటికి పంపేముందు డొక్కలు ఎగరేస్తున్నాడా, పాలు తాగుతున్నాడా అని రెండోసారి చూడాలి. ఆ పరికరాన్ని తయారుచేసి, పరీక్షించి, ఆమోదించిన గదుల్లో నల్ల చర్మం వాళ్ళు మరికొంతమంది ఉండి ఉంటే ఇది ఇంకా ముందే తేలేదేమో. స్పెషలిస్టుల్లో అన్ని రకాల మనుషులూ ఉండాలనడానికి నాకు కనబడే గట్టి కారణం ఇదే. డాక్టరు, రోగి ఒకే తెగ కావాలని కాదు. ఏది అడగాలో తెలిసినవాళ్ళు ఆ గదిలో ఉండాలి.

సిరొంచ నాగన్న

మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా దిక్కు గూడ తెలుగోళ్ళే ఎక్కువ. జిల్లా కేంద్రం మాకు దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు. అందుకే కాళేశ్వరం కాడ గోదావరి మీద వంతెన పడ్డంక అందరం వరంగల్, మంచిర్యాల దిక్కే పోతున్నం. పిల్లగాని టీకాల కార్డు మరాఠీల ఉంటది, ఆడ చదవరాదు. ఆడ ఇచ్చిన మందుల గురించి ఈడ సర్కారు దవాఖానల ఎవలు పట్టించుకోరు. రెండు రాష్ట్రాల మధ్యల మా పిల్లల కాగితాలు ఏడికీ చెందవు.

గని ఒక మంచి సంగతి చెప్త. మా జిల్లాలనే డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ ఊరి ఆడోళ్ళకు నేర్పిచ్చి, పుట్టిన పిల్లలను ఇంట్లనే చూసేటట్టు జేసిండ్రు. నిమ్ము గుర్తుపట్టుడు, వెచ్చగ ఉంచుడు, అవసరమైతే సూది గూడ. 39 ఊర్లల్ల మూడో ఏడు వరకు పసిపిల్లల చావులు 62 శాతం తగ్గినయని 1999ల లాన్సెట్ పత్రికల అచ్చయింది. తర్వాత దేశమంతట ఆశా కార్యకర్తలు పుట్టిన పిల్లల ఇండ్లకు పోవుడు ఆ అనుభవం మీదనే మొదలైంది. పెద్ద పెద్ద డిగ్రీలు లేవు, ఆ ఊరి భాష మాట్లాడే ఆ ఊరి ఆడోళ్ళే. రావు సార్ జెప్పిన చేతి నేర్పు గూడ ఉన్నది, టీచరమ్మ జెప్పిన భాష గూడ ఉన్నది. గందుకే అది పనిచేసింది. డీఎం సీట్ల కోసం కొట్లాడుడు కంటె ఇసొంటిది ముందు జెయ్యాలె.

సెరంగ కుర్రాడు

అందరూ చదివాను. నేను సవరవాడిని. గజపతి జిల్లా సెరంగ మా ఊరు. ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. తెలుగు పర్లాకిమిడిలో చదువుకున్నప్పుడు వచ్చింది.

నాగన్న గారూ, మీరు గౌరవంగానే రాశారు. అందుకే నేనూ గౌరవంగానే అడుగుతున్నాను. మా వాళ్ళ గురించి ఎప్పుడు మాట్లాడినా ఆశా దీదీ దగ్గరే ఎందుకు ఆగిపోతారు? బరువు చూడ్డానికి మేం, ఇంటింటికీ తిరగడానికి మేం, డాక్టరు మాట తల్లికి చెప్పడానికి మేం. నిర్ణయం తీసుకునే కుర్చీలో మాత్రం వేరేవాళ్ళు. ఎన్ని తరాలు తర్జుమా చేసేవాళ్ళుగా ఉండాలి?

సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు సంగతి చెప్తాను. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి ఆ జబ్బు లేకుండా చేయడం లక్ష్యం. మంచి పని. నేను కూడా అందులో పరీక్షలు చేశాను. కానీ నేను చూసిన ఒక శిబిరంలో బృందం వచ్చింది, రక్తం తీసింది, కార్డులిచ్చింది, వెళ్ళిపోయింది. లోపమున్న జన్యువు ఒకటే ఉంటే జబ్బు కాదు, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తేనే జబ్బు అన్న సంగతి ఎవరూ విడమరచలేదు. కార్డు చూసి రెండు పెళ్ళిచూపులు ఆగిపోయాయి. ఆ ఆడపిల్లలిద్దరికీ జబ్బు లేదు. తర్వాత సాయంత్రాలు మా ఊళ్ళో కూర్చుని సవరలో నేనే చెప్పాను. బొగ్గుతో గోడ మీద గీసి చెప్పాను.

జబ్బు ఉన్న పిల్లల గతి ఇంకోటి. హైడ్రాక్సీయూరియా అనే మందు రోజూ వేస్తే నొప్పులు, ఆసుపత్రి పాలవడం తగ్గుతాయి. పసితనం నుంచే మొదలుపెట్టవచ్చు. రెండేళ్ళు దాటాక తలలో రక్తం పారే వేగం చూసే డాప్లర్ పరీక్ష చేస్తే ఏ బిడ్డకు పక్షవాతం వచ్చే ప్రమాదముందో ముందే తెలుస్తుంది. ఆ పరీక్ష చేసే చోటు మా పిల్లలకు ఎంత దూరమో మీకు తెలుసు. పిల్లల రక్త వ్యాధుల డాక్టరు మా కొండ మనిషే అయితే మొదట అడిగేది ఆ యంత్రమే. ఎందుకంటే కాళ్ళు చేతులు పడిపోయిన పిల్లలు అతని చుట్టాల్లోనే ఉంటారు.

గుణుపురం టీచరమ్మ

సెరంగ తమ్ముడూ, నేను పేజీలకొద్దీ రాసినా ఇంత సూటిగా చెప్పలేను. నాగన్న గారు చెప్పిన పని, తమ్ముడు అడిగిన కుర్చీ ఒకదానికొకటి పోటీ కావు. కింద కొండవాళ్ళు, పైన బయటివాళ్ళు అని ఉన్నంతకాలం కింద కనబడ్డది పైకి చేరదు.

రావు గారూ, మీరు చెప్పిన బ్రిస్టల్ నివేదిక కేసుల సంఖ్య దగ్గరే ఆగలేదు కదా. తల్లిదండ్రులకు నిజం చెప్పకపోవడం, వాళ్ళ మాట వినకపోవడం కూడా పెద్ద తప్పులుగా ఎత్తిచూపింది. మీరే అన్నారు, సవర తల్లికి "ఎన్ని చేస్తారు, ఎంతమంది బతుకుతారు" అని అడిగే హక్కు ఉండాలని. ఏ భాషలో అడగాలి, ఎవరిని అడగాలి?

మల్కన్‌గిరి పాఠకుడు

2016 గుర్తుందా ఎవరికైనా? మా జిల్లాలో కొన్ని నెలల్లో 100 మందికి పైగా పిల్లలు పోయారు, అందరూ దాదాపు ఆదివాసీ పిల్లలే. మొదట అంతా జపనీస్ మెదడువాపు అన్నారు. ఆ జబ్బు పందుల నుంచి దోమల ద్వారా వస్తుందని పందులను ఊళ్ళకు దూరంగా తరిమారు. తర్వాత వచ్చిన నిపుణుల బృందం, చాలామంది పిల్లల విషయంలో బన చకుండ గింజలు కారణమని చెప్పింది. అదే మన తెలుగువాళ్ళు కసింద అనే మొక్క. ఆకలికి పిల్లలు ఆ కాయలు నమిలారు. పిల్లలు ఏం తిన్నారని ఆ తల్లులను వాళ్ళ భాషలో మొదటి రోజుల్లోనే కూర్చోబెట్టి అడిగే డాక్టరు ఉండి ఉంటే ఎంతమంది మిగిలేవారో.

బరంపురం పిల్లల డాక్టరు

మల్కన్‌గిరి గారూ, మీ బాధ నాదీ. ఒక్క సవరణ మాత్రం చేయాలి. కొంతమంది పిల్లల్లో జపనీస్ మెదడువాపు వైరస్ పరీక్షల్లో నిజంగానే తేలింది. రెండూ ఒకే కాలంలో, ఒకే చోట కలిసిపోవడం వల్ల విడదీయడం కష్టమైంది. భాష తెలిసిన డాక్టరుంటే మొత్తం తప్పిపోయేదని చెప్పలేను. తిండి గురించి ప్రశ్న ముందే వచ్చేదని మాత్రం చెప్పగలను.

సెరంగ తమ్ముడి మాటకు అమెరికా నుంచే ఒక పోలిక. అక్కడ సికిల్ సెల్ ఉన్నవాళ్ళు సుమారు లక్షమంది, ఎక్కువగా నల్లజాతివాళ్ళు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఇంకో వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్ళు అందులో సగం కూడా ఉండరు, ఎక్కువగా తెల్లవాళ్ళు. కానీ రోగికి ఇంత అని లెక్కగడితే పరిశోధన డబ్బు రెండోదానికే ఎన్నో రెట్లు ఎక్కువ. ఎవరి పిల్లలకు వచ్చే జబ్బో అన్నదాన్ని బట్టి ఆ జబ్బు వైద్యం ముందుకో వెనక్కో పోతుంది. మనకు కొత్త విషయమేం కాదు గాని, అంకెల్లో చూస్తే మనసు మండుతుంది.

ఇక నేను రోజూ చూసేది చెప్తాను. కొండల నుంచి వచ్చే పిల్లలను మేం పోగొట్టుకునేది ఎక్కువగా రెండు చోట్ల. మా దగ్గరికి రాకముందు, మా దగ్గరినుంచి వెళ్ళిన తర్వాత.

రాకముందు సంగతి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం బండి అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. 30 రకాల లోపాలు, జబ్బులు వెతకాలి. బండి వచ్చినచోట చాలావరకు వెతుకుతారు కూడా. దొరికిన బిడ్డకు ఒక రిఫర్ కాగితం చేతికిస్తారు. అక్కడినుంచి కథ ఆ కాగితానిదే. తల్లి దాన్ని చూరులో దోపుతుంది. ఏ రైలు ఎక్కాలో, ఎన్ని రోజులు ఉండాలో, మిగతా పిల్లలను ఎవరు చూస్తారో, ఆరోగ్య కార్డు చెల్లుతుందో లేదో ఆమెకు చెప్పే మనిషి ఉండడు.

వెళ్ళిన తర్వాత సంగతి ఇంకా బాధ. వంకర పాదంతో పుట్టిన బిడ్డను తీసుకోండి. పాన్సెటి పద్ధతిలో వారం వారం కట్టు మార్చాలి, సాధారణంగా ఐదారు కట్లు. తర్వాత మూడు నెలలు దాదాపు రోజంతా, ఆపైన నాలుగేళ్ళ వయసు దాకా రాత్రిళ్ళు బూట్ల పట్టీ వేయాలి. ఇంత సులువైన, ఇంత మంచి ఫలితమిచ్చే వైద్యం పిల్లల ఎముకల విభాగంలో తక్కువ. కానీ వారం వారం కొండ దిగాలంటే వారానికి రెండు కూలిరోజులు పోతాయి. మూడో కట్టు తర్వాత రారు. పాదం మళ్ళీ వంకర తిరుగుతుంది. మా రికార్డులో "తల్లిదండ్రుల నిర్లక్ష్యం" అని రాస్తారు. ఆ మాట కనబడిన ప్రతిసారీ నేను కొట్టేస్తాను.

రక్త కేన్సరయితే రెండు మూడేళ్ళ వైద్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ధనిక దేశాల్లో కేన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారు, పేద దేశాల్లో 30 శాతంలోపే. మధ్యలో మానేయడం ఈ తేడాకు ఒక పెద్ద కారణం. మొదటి కొన్ని నెలల కఠినమైన మందులు పెద్ద ఆసుపత్రిలోనే పడాలి, రావు గారి మాట అక్కడ నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ తర్వాత నోటితో వేసుకునే మందులు, నెలనెలా రక్తపరీక్ష కొరాపుట్ మెడికల్ కాలేజీలోనో రాయగడ జిల్లా ఆసుపత్రిలోనో ఎందుకు జరగకూడదు? పెద్ద ఊరి స్పెషలిస్టు ఫోన్‌లో ఉంటాడు, ఇక్కడి పిల్లల డాక్టరు చేతితో చూస్తాడు. ఇప్పుడు ఎండీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నియమం ఎలాగూ ఉంది. ఆ మూడు నెలలు సంతకాలకు పోకుండా ఇలాంటి పిల్లల జాబితా చేతిలో పెట్టి పని చేయిస్తే చాలా మారుతుంది.

పర్లాకిమిడి రావు

డాక్టరమ్మా, "తల్లిదండ్రుల నిర్లక్ష్యం" అన్న మాట చదివి కాసేపు ఆగిపోయాను.

ఆపరేషన్ పెద్ద చోట, అటూ ఇటూ ఉన్న పని ఇంటి దగ్గర. దీనికి నాకు అభ్యంతరం లేదు. కువి, సవర, దేశియా (కొండల ఒడియా యాస) వచ్చినవాళ్ళను జీతమిచ్చి పెట్టాలన్న శీను మాటకూ లేదు. రాయగడ జిల్లా బిస్సమకటక్‌లో 1954 నుంచి ఉన్న క్రైస్తవ ఆసుపత్రి నర్సింగ్ చదువు కూడా నడుపుతోంది. చుట్టుపక్కల కొండ ఆడపిల్లలే నర్సులయితే తల్లులకు బెదురు ఎంత తగ్గుతుందో అక్కడికి వెళ్ళినవాళ్ళు చెబుతారు. ప్రభుత్వ ఆసుపత్రులూ అలా చేయాలి.

సెరంగ తమ్ముడూ, నీ ప్రశ్నకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. డీఎం ప్రవేశంలో మార్కులు తగ్గించడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. ఆ చివరి మెట్టులో రాయితీ ఇస్తే రేపు నువ్వు డీఎం చేసి వచ్చినా మావాళ్ళే "కోటా డాక్టరు" అని గొణుగుతారు. అది నీకే అన్యాయం.

సెరంగ కుర్రాడు

మాస్టారూ, గొణిగేవాళ్ళు ఇప్పుడూ గొణుగుతున్నారు, నేను రక్తం తీస్తున్నప్పుడు కూడా. ఆ భయంతో ఆగితే ల్యాబ్ దాకా కూడా వచ్చేవాడిని కాను.

మార్కులు తగ్గించమని నేను అడగలేదు. డీఎంలో సీటు వచ్చాక ఎలాగూ అందరికీ ఒకే శిక్షణ, ఒకే పరీక్ష. చేయి తిరగకపోతే పాసు కాడు. నేను అడుగుతున్నది ఆ గుమ్మం దాకా దారి.

గుణుపురం టీచరమ్మ

ఆ దారికి ఒక నమూనా ఉంది. తమిళనాడు ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేస్తున్న డాక్టర్లకు సూపర్ స్పెషాలిటీ సీట్లలో 50 శాతం కేటాయించింది. 2022 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని అమలు చేసుకోనిచ్చింది. అది కులం కోటా కాదు, సేవ కోటా. ఆ సీట్లకు కూడా పరీక్ష రాయాలి, ర్యాంకు రావాలి. ఒడిశా కూడా అలాంటిది తెచ్చి, మల్కన్‌గిరిలోనో గజపతిలోనో కొన్నేళ్ళు పిల్లల వైద్యం చేసినవాళ్ళకు అందులో ముందు వరస ఇస్తే? కొండల్లో ఉండిపోయే డాక్టర్లలో కొండ పిల్లలే ఎక్కువ ఉంటారని నా నమ్మకం. మిగతావాళ్ళు వచ్చి ఉన్నా మంచిదే. కువి నేర్చుకుంటారు.

రాయగడ శీను

కార్డు గురించి డాక్టరమ్మ రాసింది చదివి ఒకటి చెప్పాల. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశా కూడా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, రాష్ట్రం సొంత పథకం గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి. ఇంటికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి ఇంకో 5 లక్షలు. ఆ పథకంలో నమోదైన ఆసుపత్రయితే విశాఖలోనైనా చెల్లాల. మనవాళ్ళు చాలామంది ఇంకా "ఆంధ్రాలో మన కార్డు నడవదు" అనుకుని వడ్డీకి తెస్తన్నారు. ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి నమోదు ఉందా, పిల్లల గుండె ఆపరేషన్‌కి ఉందా అని రెండూ అడగండి. పిల్లడి పేరు కార్డులో ఎక్కిందా చూసుకోండి, అక్కడే చాలామంది ఆగిపోతన్నారు.

నాగన్నా, మీ వైపు నుంచి వరంగల్ వెళ్ళేవాళ్ళు కూడా ఇది అడిగి చూడండి.

సిరొంచ నాగన్న

అడుగుత శీనన్నా. తమ్ముడూ సెరంగా, నీ మాట తలకెక్కింది. మా దిక్కు గోండు పిల్లలు గూడ నీట్ రాస్తున్నరు. ఆళ్ళను ఏడిదాక పంపాల్నో మాట్లాడేటప్పుడు ఇగ నేను ఆశా దగ్గర ఆప.

గుణుపురం టీచరమ్మ

రెండు అర్జీలు విడివిడిగా రాద్దామనుకుంటున్నాను. ఒకటి జిల్లా కలెక్టర్లకు, విశాఖ, బరంపురం ఆసుపత్రుల పెద్దలకు. రిఫర్ అయిన ప్రతి పిల్లవాడి వెంట వాళ్ళ భాష వచ్చిన ఒక జీతపు మనిషి ఉండాలని, కట్లు మార్చడం, నెలవారీ మందులు, పరీక్షలు జిల్లాలోనే జరగాలని. రెండోది ఆరోగ్య శాఖకు, సేవ కోటా గురించి. మొదటిదాని ముసాయిదా ఆదివారం ఇక్కడే పెడతాను. కువి, సవర వచ్చినవాళ్ళు చదివి, తల్లులకు వినిపించి, ఏం తప్పిపోయిందో రాయండి. డాక్టరమ్మా, "నిర్లక్ష్యం" అన్న మాట రికార్డుల్లోంచి తీసేయాలని కూడా అందులో చేర్చవచ్చా?

బరంపురం పిల్లల డాక్టరు

చేర్చండి. దాని బదులు ఎందుకు రాలేదో అడిగి రాసే ఒక గడి పెట్టమనండి: దూరమా, కూలియా, కార్డా, ఎవరూ చెప్పకపోవడమా అని. ఆ గడి ఎలా ఉండాలో నేను రాసిస్తాను.

పర్లాకిమిడి రావు

మొదటి అర్జీ మీద నా సంతకం ఇప్పుడే వేసుకోండి. రెండోదాని ముసాయిదా చదివాక చెబుతాను. సేవ చేసిన డాక్టర్లకు అంటే ఆలోచిస్తాను, అందులో ఎక్కడైనా తెగ పేరు ఉంటే మళ్ళీ వాదిస్తాను.

సెరంగ కుర్రాడు

వాదించండి మాస్టారూ. ఆదివారం నేనూ ఉంటాను.